ఎడారి రంగు శిరస్త్రాణపు తొడుగు: మూలనిర్ణయ సమస్యలు – నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంత చరిత్ర ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: సైనికుల శిరస్త్రాణంపై కప్పే ఇసుకరంగు గుడ్డ తొడుగును వాడుకలో హెల్మెట్ కవరు అంటున్నాం. దాని మూలం ఏది అన్నప్పుడు ఒకే ప్రశ్న వేస్తున్నట్లు కనిపించినా, అందులో తొడుగు పుట్టుక, మట్టిరంగు పుట్టుక, మచ్చల నమూనా పుట్టుక అనే మూడు వేరువేరు ప్రశ్నలున్నాయి. మొదటి రెండూ పందొమ్మిదో శతాబ్దపు భారతదేశంలో కలిశాయి. ఆ కలయికకు ముందరి దశకు నంద్యాల సీమలో జరిగిన 1846 నాటి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు ఒక స్థిరమైన కాలసూచిక. ఈ వ్యాసం ఆ కాలసూచికను ఆధారం చేసుకొని, సైనిక వస్త్రాల మూలనిర్ణయంలో పాటించవలసిన పద్ధతిని చర్చిస్తుంది.

కీలకపదాలు: ఖాకీ, శిరస్త్రాణం, మద్రాసు సైన్యం, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి, నంద్యాల, ఆళ్లగడ్డ, మూలనిర్ణయం.

1. సమస్య స్వరూపం

వస్తురూప ఆధారాలతో చరిత్ర రాయడం మన విశ్వవిద్యాలయాల్లో శాసనాలకు, నాణేలకు, శిల్పాలకు పరిమితమైంది. వస్త్రాన్ని, అందులోనూ సైనికవస్త్రాన్ని, ఆధారంగా స్వీకరించిన పరిశోధన తెలుగులో అరుదు. ఈ లోటు ఇటీవల ఒక ఆచరణాత్మక సమస్యగా మారింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి జీవితంపై 2019లో చలనచిత్రం వచ్చింది. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. ఇలాంటి సందర్భాల తరువాత విగ్రహాలు, కుడ్యచిత్రాలు, పాఠశాల నాటకాలు, వార్షికోత్సవ సంచికల ముఖచిత్రాలు పెరుగుతాయి. వాటిలో ఆయనను ఎదిరించిన సైనికుడికి ఏ బట్టలు తొడగాలి, తలపై ఏమి పెట్టాలి అనే ప్రశ్న వచ్చినప్పుడు చరిత్ర అధ్యాపకుడి దగ్గరకే వస్తారు.

తెలుగు పాఠకుడి మనసులో బ్రిటిష్ అధికారానికి ఖాకీ రంగు గట్టిగా అంటుకొని ఉంది. దానికి కారణం ఇరవయ్యో శతాబ్దపు జ్ఞాపకం. 1922–24 నాటి మన్యం పోరాటంలో అల్లూరి సీతారామరాజు దళాన్ని వెంటాడిన అస్సాం రైఫిల్స్‌కు ఖాకీ తొడిగి చూపిస్తే తప్పేమీ లేదు. అదే ఖాకీని 76 ఏళ్లు వెనక్కి జరిపి కోయిలకుంట్లలో నిలబెడితే మాత్రం కాలవ్యత్యయ దోషం ఏర్పడుతుంది. ఈ దోషం చిన్నదనే వాదన వినిపిస్తుంటుంది. దానితో ఈ వ్యాసం ఏకీభవించదు. మట్టిలో కలిసిపోయే దుస్తులు వేసుకున్న సైన్యానికీ, దూరానికి కనిపించాలనే ఉద్దేశంతో ఎర్రకోటు వేసుకున్న సైన్యానికీ యుద్ధపద్ధతి వేరు. నల్లమల అంచున పోరాడిన తిరుగుబాటుదారులు ఎదుర్కొన్నది రెండో రకం సైన్యాన్ని. దుస్తులు మార్చి చూపిస్తే పోరాట స్వరూపమే మారిపోతుంది.

2. మూలం అంటే ఎవరి మూలం?

సైనిక సామగ్రి మూలం వెతకడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో, అంతఃపుర ఆవరణలో పెద్ద ఎత్తున ఫిరంగులు, తుపాకులు, మందుగుండు బయటపడినప్పుడు కంపెనీ అధికారులను కలవరపెట్టిన ప్రశ్న అదే. ఎక్కడ తయారైంది, ఎవరు తయారుచేశారు, ఎవరి కోసం అనే మూడింటిలో వారు చివరిదానికే ప్రాధాన్యమిచ్చారు. హైదరాబాదులో ముబారిజ్ ఉద్దౌలా చుట్టూ అల్లుకున్న వహాబీ కుట్ర అనుమానంతో ఈ ఆయుధాలను ముడిపెట్టారు. ఆ అక్టోబరులో జోరాపురం దగ్గర పోరు జరిగింది. నవాబును తిరుచిరాపల్లికి తరలించారు. మరుసటి ఏడాది ఆయన అక్కడే హత్యకు గురయ్యాడు. రాజ్యం కంపెనీ వశమైంది. వస్తువు ఎక్కడ దొరికిందో అది ఎందుకు తయారైందో చెప్పేస్తుందని భావించినందువల్ల ఒక సంస్థానం చరిత్రలో కలిసిపోయింది.

ఈ ఉదాహరణను ఇక్కడ ప్రస్తావించడానికి కారణం పద్ధతికి సంబంధించినది. రూపకల్పన జరిగిన చోటు, తయారైన చోటు, వాడిన సైన్యం అనేవి మూడు వేరువేరు విషయాలు. ఎడారి రంగు తొడుగుల విషయంలో ఈ మూడూ ఒకే దేశాన్ని చూపించిన సందర్భాలు తక్కువ. 1980లలో బ్రిటన్‌లో రూపొందిన నాలుగురంగుల ఎడారి నమూనా దుస్తులను ఇరాక్‌కు అమ్మారు. 1990–91లో అదే ఇరాక్‌తో యుద్ధం వచ్చేసరికి, తమ సైనికులు శత్రువులా కనిపిస్తారనే కారణంతో బ్రిటన్ రెండురంగుల నమూనాకు మారవలసి వచ్చింది. నాలుగురంగుల గుడ్డముక్క చేతికి దొరికినంత మాత్రాన అది బ్రిటిష్ సైనికుడిదని చెప్పడం ఎంత ప్రమాదకరమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

3. 1846: ఖాకీకి ముందరి నంద్యాల సీమ

నేటి నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది. కోయిలకుంట్ల తాలూకా 1846లో కడప జిల్లాలో భాగం. కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు, 1858లో, కంభం, మార్కాపురంతో పాటు అది కర్నూలులో చేరింది. తిరుగుబాటును అణచివేసిన కలెక్టరు కాక్రేన్ కడప కలెక్టరు కావడానికి కారణం ఇదే. కర్నూలు పేరుతో ఉన్న పత్రాల్లో మాత్రమే వెతికే పరిశోధకుడికి 1846 నాటి సమాచారం సగం కూడా దొరకదు.

సంఘటనలు పాఠకులకు తెలిసినవే. పాలెగాళ్ల కుటుంబానికి చెందిన నరసింహారెడ్డికి కంపెనీ ఇచ్చిన నెలసరి తవర్జీ 11 రూపాయల చిల్లర. వారసులు లేరనే మిషతో బంధువుల తవర్జీలు, కట్టుబడి మాన్యాలు ప్రభుత్వపరం కావడంతో 1846 జులైలో తిరుగుబాటు మొదలైంది. కోయిలకుంట్ల ఖజానాపై దాడి జరిగింది. అక్కడినుంచి పోరాటం నల్లమల కొండల మీదుగా గిద్దలూరు వైపు సాగింది. కంపెనీ దళాలను నడిపినవారిలో కెప్టెన్ నాట్, లెఫ్టినెంట్ వాట్సన్ పేర్లు కనిపిస్తాయి. అదే ఏడాది నరసింహారెడ్డి పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు. ఆయన శిరస్సును 1877 దాకా కోట బురుజుకు వేలాడదీశారని స్థానిక చరిత్ర చెబుతుంది. గోపాలకృష్ణమ్మ చెట్టి 1886లో ప్రచురించిన కర్నూలు జిల్లా మాన్యువల్ నాటికి ఈ ఉదంతం అధికారిక కథనంగా స్థిరపడింది.

ఈ కాలక్రమం పక్కన మరొక తేదీని ఉంచి చూడాలి. పెషావరులో హ్యారీ లమ్స్‌డెన్ గైడ్స్ దళాన్ని ఏర్పాటు చేసింది 1846 డిసెంబరులో. మట్టిరంగు దుస్తులు బ్రిటిష్ భారత సైన్యంలో మొదట కనిపించింది ఆ దళంలోనే. అంటే నరసింహారెడ్డి పట్టుబడి కోయిలకుంట్లలో ఉరికంబం ఎక్కే మధ్యకాలంలో, ఉపఖండపు మరో కొనలో, ఖాకీ కథ అప్పుడే మొదలవుతోంది. మద్రాసు సైన్యానికి అది చేరడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. కనుక 1846లో నంద్యాల సీమలో తిరిగిన ఏ దళానికీ ఖాకీ దుస్తులు గాని, ఖాకీ తొడుగు గాని ఉండే అవకాశం లేదు. క్రమబద్ధ పదాతి సైనికుడిది ఎర్రకోటు. తాలూకా కచేరీ బంట్రోతులకు, కావలివారికి సైనికుల యూనిఫారం లేదు. క్రమబద్ధం కాని అశ్వదళాల దుస్తులు దళానికొక తీరుగా ఉండేవి. చిత్రకారుడికి ఈ వైవిధ్యం చెప్పకుండా ‘ఎర్రకోటు’ అని ఒక్కమాటతో సరిపెట్టడం కూడా మంచిది కాదు.

4. తలపై ఏముండేది?

మద్రాసు సైన్య చరిత్రలో తలపై ధరించేది చిన్న విషయం ఎన్నడూ కాలేదు. 1805 నవంబరులో సేనాధిపతి సర్ జాన్ క్రాడక్ హయాంలో కొత్త తలపాగా ప్రవేశపెట్టారు. దాని ఆకారం టోపీని తలపించేది. తోలు కుచ్చు ఒకటి దానికి అదనం. నుదుటి బొట్టు, గడ్డాల మీద ఆంక్షలు కూడా దీనితో కలిశాయి. ఫలితం 1806 జులై 10న వేలూరు తిరుగుబాటు. క్రాడక్‌నూ, గవర్నరు విలియం బెంటింక్‌నూ వెనక్కి పిలిపించారు. కొత్త తలపాగాను ఉపసంహరించారు. ‘టోపీ పెట్టుకున్నవాడు’ అంటే మతం మారినవాడు అనే సిపాయిల భయం పూర్తిగా నిరాధారమైనది కాదు. ఆనాటి సమాజంలో శిరోవేషం కులాన్ని, మతాన్ని, ఊరిని చెప్పేది.

ఇక్కడ తెలుగువారికి ప్రత్యేకంగా సంబంధించిన మాట ఒకటుంది. ఉత్తరాదిలో కంపెనీ సిపాయిని ‘తిలంగా’ అని పిలిచేవారు. క్లైవు వెంట బెంగాలుకు వెళ్లిన మద్రాసు సిపాయిలలోని తెలుగువారి వల్ల పుట్టిన పేరిది. తరువాత బీహారీ అయినా, అవధ్ వాడైనా ఎర్రకోటు తొడుక్కుంటే తిలంగా అయ్యాడు. ఒక ప్రాంతపు పేరు ఒక దుస్తులకు పేరయిన ఈ ఉదాహరణ మూలనిర్ణయానికి మంచి హెచ్చరిక. తిలంగా అనే మాట పత్రంలో కనిపించగానే ఆ సైనికుడు తెలుగువాడని నిర్ణయించడం, ఎడారి నమూనా కనిపించగానే అది ఎడారి దేశంలో తయారైందనడం, ఒకే రకమైన తర్కదోషాలు.

వేలూరు అనుభవం తరువాత దేశీయ సిపాయికి అంచు ముందుకు వచ్చిన టోపీ పెట్టే సాహసం కంపెనీ చేయలేదు. చట్రంపై గుడ్డ బిగించిన, అంచులేని తలకట్టు మద్రాసు పదాతి గుర్తుగా కొనసాగింది. యూరోపియన్ అధికారి వేరు. ఎండకాలంలో అతని టోపీపై తెల్లగుడ్డ తొడుగు ఉండేది. మన కథలో తొడుగు ప్రవేశించేది ఇక్కడే.

5. తొడుగు చరిత్ర: ఎండ, మురికి, మెరుపు

తొడుగు మొదట దాచడానికి పుట్టలేదు. ఎండ తగ్గించడానికి పుట్టింది. 1857లో జనరల్ హెన్రీ హేవ్‌లాక్ సైనికులు ధరించిన, మెడమీదకు జారే తెర ఉన్న తెల్ల తొడుగుకు ఆయన పేరే స్థిరపడింది. అయితే ఆ రకం తొడుగులు భారతదేశంలో అంతకుముందే వాడుకలో ఉన్నాయి. పేరు ఎవరిదో చూసి మూలం అక్కడే వెతకకూడదని చెప్పే సందర్భాల్లో ఇదొకటి. జీలుగుబెండుతో చేసిన దొరల టోపీకి కూడా పైన తెల్లగుడ్డ పొరే ఉండేది.

తెల్లతొడుగు సైనికుడి తలను చల్లగా ఉంచింది, అదే సమయంలో శత్రువుకు గురి చూపించింది. 1878–80 రెండో అఫ్గాన్ యుద్ధంలో తెల్లటోపీలకు తేనీటితో మట్టిరంగు వేయడం, లేదా పైన ఖాకీ తొడుగు తగిలించడం సాధారణమైంది. తొడుగు, మట్టిరంగు అనే రెండు ధారలు కలిసింది ఈ దశలో. 1899–1902 బోయర్ యుద్ధంలో ఖాకీ తొడుగు పక్కన పటాలం గుర్తుగా రంగుగుడ్డ ముక్క కుట్టడం కనిపిస్తుంది. అంటే మనిషిని దాచే తొడుగే అతను ఏ పటాలానికి చెందినవాడో కూడా ప్రకటించింది.

మొదటి ప్రపంచయుద్ధంలో ఉక్కు శిరస్త్రాణం వచ్చింది. ఉక్కు మెరుస్తుంది. తడిసినప్పుడు మరింత మెరుస్తుంది. బ్రిటిష్ సైనికులు దానిపై గోనెగుడ్డ కప్పారు. ఫ్రెంచివారు 1915లో ఇచ్చిన గుడ్డ తొడుగులను త్వరలోనే ఉపసంహరించారు. తూటా ముక్కతో పాటు మురికిగుడ్డ పోగులు పుర్రెలోకి దూరి గాయాలు కుళ్లడం దానికి కారణం. సైనికవస్త్ర చరిత్రలో వైద్యుడి మాట సేనాపతి మాటను మార్చిన అరుదైన సందర్భం కనుక దీన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

6. రంగు చరిత్ర: పెషావరా, మంగళూరా, లాంకషైరా?

ఖాక్ అంటే పారసీకంలో ధూళి. లమ్స్‌డెన్ దళం మొదట స్థానికంగా రంగు అద్దిన బట్టనే వాడింది. 1848లో అతని సహాయకుడు హాడ్సన్ ఇంగ్లండునుంచి మట్టిరంగు బట్ట తెప్పించే ఏర్పాటు చేశాడు. 1857లో అనేక పటాలాలు తెల్లదుస్తులను తేనీరు, సిరా, మట్టి, ఆకురసం వంటివాటితో తామే రంగువేసుకున్నాయి. ఒకే పటాలంలో బూడిదనుంచి ఊదా దాకా ఛాయలు కనిపించాయని ఆనాటివారు రాశారు. ఉతికితే వెలిసిపోయే ఆ రంగులను చూసి అధికారులు విసిగిపోయారు. తిరుగుబాటు చల్లారగానే చాలా చోట్ల మళ్లీ ఎరుపు, తెలుపు వచ్చాయి.

మద్రాసు ప్రెసిడెన్సీవారికి మరొక కథనం ఉంది. మంగళూరు బల్మఠంలో బాసెల్ మిషన్ నేతశాలను నడిపిన జాన్ హాలర్ 1851 తరువాత అక్కడ ఖాకీ రంగును రూపొందించాడనీ, 1881–85 మధ్య మద్రాసు సేనాధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్ ఆ బట్టను చూసి సైన్యానికి సిఫారసు చేశాడనీ ఆ కథనం. కన్నడ ప్రాంతంలో దీనికి గట్టి ప్రచారం ఉంది. నేటి తెలుగు జిల్లాలు, మంగళూరు అప్పట్లో ఒకే ప్రెసిడెన్సీలో ఉన్నందున మన పరిశోధకులు కూడా దీన్ని పట్టించుకోవలసి ఉంది. కాలక్రమం ప్రకారం ఇది పెషావరును తోసిరాజనలేదు. అయితే నేతశాలలో తయారైన బట్ట అనే అంశంలో మంగళూరు వాదానికి బలముంది.

మూడోది లాంకషైర్. 1884లో ఫ్రెడరిక్ గాటీ తదితరులు పేటెంటు పొందిన పద్ధతిలో క్రోమియం, ఇనుము లవణాలను నూలుపోగులోనే గట్టిపడేలా చేశారు. ఎండకు, సబ్బుకు, చాకిరేవుకు లొంగని రంగు అది. మరుసటి ఏడాదికే భారత సైన్యం ఖాకీని విస్తృతంగా స్వీకరించింది. రసాయనశాస్త్రం వల్ల ఆజ్ఞ సాధ్యమైంది గాని ఆజ్ఞ వల్ల రంగు రాలేదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. తొలిసారి ధరించినవారు ఎవరంటే పెషావరు. నిలిచే రంగు ఎక్కడిదంటే లాంకషైరు. ‘ఖాకీని ఎవరు కనిపెట్టారు’ అనే ప్రశ్నకు ఒక్క పేరు చెప్పే పాఠ్యపుస్తకం ఏదో ఒక ప్రశ్నను మింగేస్తోందని అర్థం.

7. ఎర్రపత్తి: రంగు పోలిక చాలదు

నంద్యాల పేరు వినగానే పత్తి వర్తకులకు ‘నార్తరన్స్’ రకం గుర్తుకు వచ్చేది. 1906లో స్థాపించిన నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం దేశంలోని పాత కేంద్రాల్లో ఒకటి. ‘నరసింహ’ అనే ప్రసిద్ధ పత్తి వంగడం కూడా అక్కడిదే. ఈ నల్లరేగడి నేలల్లో తెల్లపత్తితో పాటు సహజంగానే గోధుమ ఛాయ ఉన్న పత్తి కూడా పండేది. తీరాంధ్రలో కాకినాడ రకాలుగా, ఇక్కడ ఎర్ర నార్తరన్స్‌గా వ్యవహారంలో ఉన్న ఆ పత్తిని రంగు వేయకుండానే వడికి నేస్తే మట్టిరంగు బట్ట వస్తుంది. వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఆ దూదిరంగును ఖాకీ అనే పేర్కొన్నారు.

ఇంత సౌకర్యంగా అమరిన వివరం దొరికితే సైనిక ఖాకీకి నంద్యాల పత్తే మూలమని రాసేయాలనిపిస్తుంది. స్థానికాభిమానం దానికి తోడైతే ఆ వాక్యం జిల్లా గెజిటీరులోకి, అక్కడినుంచి పోటీపరీక్షల పుస్తకాల్లోకి వెళుతుంది. కాని సైనిక ఖాకీ చరిత్ర మొదటినుంచి చివరిదాకా అద్దకపు చరిత్ర. తెల్లబట్టకు రంగు వేయడమే దాని సారాంశం. సహజవర్ణపు పత్తి దేశవాళీ రకం, పోగు పొట్టిది. దానిని ఖాకీ అని పిలవడమే సైనికవస్త్రం పేరు పత్తికి అంటిందనడానికి సూచన. తిలంగా విషయంలో ఊరి పేరు బట్టకు వెళ్లింది. ఇక్కడ బట్ట పేరు పంటకు వచ్చింది.

అద్దకం మాటకు వస్తే నల్లమల నుంచి చెంచులు సేకరించే కరక్కాయను చెప్పుకోవాలి. పటికతో కలిస్తే అది పసుపు ఛాయను, ఇనుముతో కలిస్తే బూడిద, నలుపు ఛాయలను ఇస్తుంది. మట్టిరంగు సాధించడానికి అవసరమైన పరిజ్ఞానం, వనరులు ఈ సీమలో ఉన్నాయనడం నిజం. వాటిని సైన్యం వాడిందనడం వేరే ప్రతిపాదన. దానికి వేరే ఆధారం చూపాలి.

8. మచ్చల చరిత్ర

మచ్చల గుడ్డ యూరపు సంతానం. ‘కామోఫ్లాజ్’ అనే ఫ్రెంచి మాట మొదటి ప్రపంచయుద్ధంలో సైనికార్థం పొందింది. 1915లో ఫ్రెంచి సైన్యం చిత్రకారులతో ఒక ప్రత్యేక విభాగాన్ని ఏర్పరచింది. అప్పటి పని చేత్తో చిత్రించడం. 1929లో ఇటలీ గుడారపు గుడ్డపై మచ్చలను యంత్రంతో అచ్చువేసింది. 1938 ప్రాంతంలో జర్మనీలో అచ్చువేసిన మచ్చల శిరస్త్రాణపు తొడుగులు వచ్చాయి. 1942లో అమెరికా నౌకాదళ పదాతికి రెండువైపులా వాడుకోదగిన తొడుగు వచ్చింది. ఇవన్నీ అడవికి, పొదలకు, దీవులకు ఉద్దేశించినవి.

ఎడారి కోసం ప్రత్యేకంగా చేసిన నమూనాల్లో అతిప్రసిద్ధమైనది అమెరికా ఆరురంగుల నమూనా. దీని రూపకల్పన 1962 నాటిది. సైనికులకు విస్తృతంగా అందింది మాత్రం 1980ల ఆరంభంలో. లేత ఇసుకరంగు నేలపై వెలిసిన ఆకుపచ్చ, రెండు గోధుమ ఛాయలు, వాటిపై నలుపు తెలుపు చుక్కల గుంపులు ఉంటాయి. బిస్కత్తును తలపించే ఆ చుక్కల వల్ల దానికి ‘చాక్లెట్ చిప్’ అనే పేరు పడింది. చుక్కలు గులకరాళ్లకు, వాటి నీడలకు అనుకరణ. అమెరికా నైరుతి భాగపు రాతి ఎడారిని దృష్టిలో పెట్టుకొని చేసిన ఈ నమూనా 1990–91లో అరేబియా ఇసుకలో అంతగా ఇమడలేదు. యుద్ధం తరువాత మూడురంగుల నమూనా దాని స్థానాన్ని తీసుకుంది. గులకరాళ్లు లేనిచోట గులకరాళ్ల బొమ్మ మనిషిని దాచలేదు. ఆరురంగుల గుడ్డ మాత్రం మాయం కాలేదు. సౌదీ అరేబియా వాడింది. 2003 తరువాత కొత్తగా ఏర్పడిన ఇరాకీ సైన్యానికీ అందింది.

9. వస్తువు చేతికి వచ్చినప్పుడు

నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో ఒక కళాశాల చరిత్రశాఖకు ఇలాంటి ఇసుకరంగు తొడుగును ఎవరైనా ఇచ్చారనుకుందాం. గల్ఫ్ దేశాలకు వలసలు ఎక్కువగా ఉన్న రాయలసీమలో ఇది అసాధ్యమైన ఊహ కాదు. దాత చెప్పే కథను రాసుకోవాలి. కాని నిర్ణయం వస్తువుపైనే ఆధారపడాలి.

మొదట ఆకారం. తొడుగు తాను కప్పిన శిరస్త్రాణం ఆకారాన్ని మోస్తుంది. రెండు అర్ధభాగాలు కుట్టి, అంచులను లోపలికి మడిచే గుండ్రని తొడుగు రెండో ప్రపంచయుద్ధం నాటి అమెరికన్ ఉక్కు శిరస్త్రాణపు వంశానిది. చెవులమీదకు దిగే తొడుగు 1980లలో వచ్చిన కెవ్లార్ శిరస్త్రాణానికి చెందుతుంది. ఆకులు, కొమ్మలు గుచ్చడానికి పెట్టిన చీలికలను కూడా గమనించాలి.

తరువాత లోపలి ముద్ర. అమెరికన్ వస్త్రంపై ‘డి.ఎల్.ఎ. 100’ తరువాత వచ్చే రెండంకెలు ఒప్పందం కుదిరిన ఆర్థిక సంవత్సరాన్ని సూచిస్తాయి. తయారైన రోజునూ కాదు, వాడిన యుద్ధాన్నీ కాదు. సరుకుసంఖ్యలో 11 అంకెలుంటే 1974కు ముందరి పద్ధతి, 13 ఉంటే తరువాతిది. 13 అంకెల సంఖ్యలో అయిదు, ఆరు స్థానాల అంకెలు దేశాన్ని చెబుతాయి: 00, 01 అమెరికాకు, 99 బ్రిటన్‌కు, 12 జర్మనీకి. ఈ దేశసూచిక కూడా ఆ సరుకును జాబితాలో నమోదుచేసిన దేశాన్నే చెబుతుంది. కుట్టిన దేశం వేరు కావచ్చు.

ముద్ర చెరిగిపోతే నూలు మాట్లాడాలి. నైలాన్ కలిసిన గుడ్డ కాలితే కరిగి ముద్దకడుతుంది, శుద్ధ నూలు బూడిద అవుతుంది. అంచునుంచి లాగిన ఒక్క పోగు ఈ పరీక్షకు చాలు. వస్తువును కత్తిరించడం క్షమార్హం కాదు. అతినీలలోహిత దీపం కింద కుట్టుదారం తెల్లగా మెరిస్తే, వస్త్రాలను మెరిపించే రసాయనాలు వ్యాప్తిలోకి వచ్చిన 1940ల తరువాతి దారం కావచ్చు. కాని పాతబట్టను నేటి సబ్బుపొడితో ఉతికినా అదే మెరుపు వస్తుంది. అందుకే ఈ పరీక్ష ఒంటరిగా సాక్ష్యం కాదు. ఇక పందొమ్మిదో శతాబ్దపు ఖాకీగా చెప్పే గుడ్డకు ఎక్స్‌రే వర్ణమాపన పరీక్ష జరిపించగలిగితే చాలా మేలు. నూలుపోగులో క్రోమియం, ఇనుము కలిసి కనిపిస్తే ఆ రంగు 1884కు ముందరిది కావడం కష్టం. 1857 నాటి సిపాయి టోపీగా ప్రచారంలో ఉన్న ఏ ఖాకీ గుడ్డకైనా ఇది మొదటి గండం.

పాత ఛాయాచిత్రాల విషయంలో మరో జాగ్రత్త అవసరం. తొలినాటి గాజుపలకలు ఎరుపును గ్రహించలేవు. ఎర్రకోటు వాటిలో దాదాపు నల్లగా పడుతుంది. ‘నల్లకోటు దళం’, ‘ముదురు ఖాకీ దళం’ అంటూ చిత్రం కింద ఎవరో తరువాత రాసిన వ్యాఖ్యను అలాగే ఎత్తిరాయకూడదు.

10. ఆళ్లగడ్డ శిల్పి ప్రశ్న

ఆళ్లగడ్డ శిల్పులది భౌగోళిక గుర్తింపు పొందిన కళ. దేవతామూర్తులకు వారికి శిల్పశాస్త్రం ఉంది. కిరీటం, మకుటం, జటాబంధం కొలతలు తరతరాలుగా వస్తున్నాయి. 1846 నాటి సైనికుడికి అలాంటి శాస్త్రం లేదు. ఒక శిల్పఫలకంపై గిద్దలూరు పోరును చెక్కమని అడిగితే శిల్పి చూసేది చలనచిత్రాన్నో, పాఠ్యపుస్తకపు బొమ్మనో. రాతిలో రంగు లేదు కనుక ఎరుపా, ఖాకీయా అన్న వివాదం అక్కడ రాదు. కాలాన్ని చెప్పే భారం మొత్తం తలమీదే పడుతుంది.

ఆ శిల్పికి చరిత్రశాఖ ఇవ్వగలిగిన సమాచారం కొంత ఉంది. సిపాయికి అంచులేని, నిటారు తలకట్టు. మెడమీదకు వంగిన బెండుటోపీ వద్దు. ఛాతీమీద అడ్డంగా దాటే రెండు తోలుపట్టీలు. ముందు భాగంలో నడుముదాకా, వెనుక తోకలా దిగే పొట్టికోటు. అధికారి జులై ఎండలో ఉన్నాడు కనుక అతని టోపీకి గుడ్డ తొడుగు చెక్కవచ్చు, ముడతలు చూపితే అది గుడ్డ అని తెలుస్తుంది. బంట్రోతుకు తలగుడ్డ, నడికట్టు చాలు. ఫలకానికి రంగు వేయాలని నిర్వాహకులు పట్టుబడితే సిపాయి కోటుకు ఎరుపు, పట్టీలకు తెలుపు, అధికారి తొడుగుకు తెలుపు. మట్టిరంగు నేలకూ కొండకూ మాత్రమే.